చిన్నపిల్లల టీచర్ కావడానికి ఏ కోర్సు? ఇంటర్ పూర్తిచేసిన ఒక విద్యార్థిని కేస్ స్టడీ

ఇంటర్మీడియట్ పూర్తిచేసి ప్రాథమిక పాఠశాల టీచర్ కావాలనుకున్న ఒక విద్యార్థినికి 2024 వేసవిలో కోర్సు ఎంపికపై సలహా ఇచ్చాను. ఆ సలహా ఏ ఆధారాల మీద నిలిచింది, ఏయే దారులను ఎందుకు పక్కన పెట్టాం, ఆ తర్వాత ఏమైంది అన్నది ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారికీ, పిల్లలను ఏ కోర్సులో చేర్పించాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకూ ఇది ఉపయోగపడాలని నా కోరిక. విద్యార్థిని ఎవరో తెలిసే వివరాలు, ఊరి పేరు, మేము చూసివచ్చిన కాలేజీల పేర్లు రాయలేదు.

నేపథ్యం

తెలంగాణలోని ఒక మండల కేంద్రానికి చెందిన ఆ అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియంలో బైపీసీ చదివింది. మార్కులు బాగానే వచ్చాయి. వైద్యం వైపు గానీ, వ్యవసాయ కోర్సుల వైపు గానీ ఆమెకు ఆసక్తి లేదు. పదో తరగతి నుంచే సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టుకుని చదివిస్తోంది. వారిలో ఎక్కువమంది రెండు, మూడు తరగతుల వాళ్లు. తండ్రికి చిన్న దుకాణం ఉంది, ఆమె తర్వాత ఇంకో కూతురు ఉంది. చదివించాలన్న పట్టుదల ఆ ఇంట్లో గట్టిగా ఉంది గానీ, ఐదేళ్లపాటు పట్నంలో హాస్టల్ ఖర్చు భరించడం వారికి తేలిక కాదు.

తండ్రి అడిగిన మొదటి ప్రశ్నను ఆయన మాటల్లోనే రాస్తాను. “డిగ్రీ చేసి బీఈడీ చేస్తే హైస్కూల్ టీచర్ అయితది, కావాలంటే చిన్న పిల్లలకు గూడ చెప్తది. డిప్లొమా చేస్తే అక్కడనే ఆగిపోతది కదా మేడమ్?” నా దగ్గరికి వచ్చే పదిమంది తల్లిదండ్రుల్లో ఏడెనిమిది మంది ఇదే అడుగుతారు. ఈ ప్రశ్నలో రెండు నమ్మకాలున్నాయి. పెద్ద తరగతులకు చెప్పగలిగినవాళ్లు చిన్న తరగతులకు ఎలాగూ చెప్పగలరన్నది ఒకటి, డిగ్రీ ఎప్పుడూ డిప్లొమా కంటే మేలన్నది రెండోది. మొదటి నమ్మకం చట్టం ప్రకారమూ నిలబడదు, తరగతి గదిలోనూ నిలబడదు. రెండోదాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. అందులో ఒక తండ్రికి ఉండవలసిన న్యాయమైన ఆందోళన ఉంది, ప్రణాళిక వేసేటప్పుడు దానికి జవాబు చెప్పి తీరాలి.

అర్హత నిబంధనలు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారి కనీస అర్హతలను నిర్ణయించింది, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌ను తప్పనిసరి చేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ప్రధానమైన అర్హత ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈఎల్‌ఈడీ డిప్లొమా, అంటే మనం ఇప్పటికీ వాడుకలో డీఎడ్ అంటున్న కోర్సు. ప్రాథమిక విద్యలో నాలుగేళ్ల డిగ్రీ అయిన బీఈఎల్‌ఈడీని కూడా అందులో చేర్చారు. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ మరో నోటిఫికేషన్ ఇచ్చి, బీఈడీ చేసినవారు కూడా ప్రాథమిక తరగతులకు అర్హులేననీ, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలనీ చెప్పింది. తండ్రి మనసులో ఉన్నది ఈ 2018 నాటి మాట. ఆ నోటిఫికేషన్‌ను రాజస్థాన్ హైకోర్టు 2021లో కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న దేవేశ్ శర్మ కేసులో ఆ తీర్పును సమర్థించింది. ఆ తేదీకి ముందే ఉద్యోగాల్లో చేరినవారికి రక్షణ కల్పిస్తూ 2024 ఏప్రిల్‌లో స్పష్టత ఇచ్చింది. కొత్తగా కోర్సులో చేరేవారికి మాత్రం విషయం తేలిపోయినట్టే. బీఈడీతో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టుకు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకు, దరఖాస్తు చేసే దారి లేదు.

ఆ తీర్పులో నాకు ముఖ్యమనిపించింది అర్హుల జాబితా కాదు, న్యాయస్థానం చూపిన కారణం. చిన్నపిల్లలకు బోధించడానికి ప్రత్యేకమైన నైపుణ్యం కావాలి, డీఈఎల్‌ఈడీ ఆ నైపుణ్యం కోసమే రూపొందిన శిక్షణ, బీఈడీ పై తరగతుల కోసం రూపొందింది, అర్హత లేని టీచర్‌ను పెడితే పిల్లల విద్యాహక్కులోని నాణ్యత దెబ్బతింటుంది అన్నది ఆ వాదన సారాంశం. ఈ మాటలు వివరించినప్పుడు తండ్రి చాలాసేపు మౌనంగా ఉన్నారు. అమ్మాయి మాత్రం, “మరి మా బంధువుల్లో చాలామంది బీఈడీయే చేస్తున్నరు కదా మేడమ్?” అని అడిగింది. వాళ్లు స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల సబ్జెక్టు టీచర్) పోస్టుల కోసం చేస్తున్నట్టయితే అది సరైనదేననీ, ముందు తేల్చుకోవలసింది ఏ వయసు పిల్లలతో పనిచేయాలన్నదేననీ చెప్పాను.

అరగంట పరీక్ష

చిన్నపిల్లలంటే ఇష్టం అని చెప్పే ప్రతి ఒక్కరినీ నేను ఒక పని చేసి రమ్మంటాను. ఒక్క పిల్లవాడితో అరగంట కూర్చుని, ఏమీ నేర్పాలని తొందరపడకుండా, వాడు ఒక లెక్క ఎలా చేస్తున్నాడో లేదా ఒక పేరా ఎలా చదువుతున్నాడో చూసి, చూసింది చూసినట్టు ఒక పేజీ రాసుకుని రావాలి. కౌన్సెలింగ్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది ఆ పేజీయే. కొందరు “బాబు చాలా చురుకైనవాడు, బాగా చెప్పాడు” అని రెండు వాక్యాలు రాసి తెస్తారు. పిల్లల మీద ప్రేమ ఉండడం, పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉండడం ఒకటి కాదు. ఈ కోర్సుకు రెండోది కావాలి.

ఈ అమ్మాయి తెచ్చిన పేజీలో మూడో తరగతి చదువుతున్న ఒక బాబు గురించి ఉంది. 32లోంచి 17 తీసివేయమంటే వాడు పలక మీద 25 అని రాశాడు. ఏడులోంచి రెండు తీసేసి ఐదు, మూడులోంచి ఒకటి తీసేసి రెండు. పైన ఉన్నదా కింద ఉన్నదా అని చూడకుండా, ఏ వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడు. ఆమె తప్పని చెప్పలేదు. చీపురు పుల్లలను పదేసి చొప్పున మూడు కట్టలు కట్టి, విడిగా రెండు పుల్లలు పెట్టి, “ఇందులోంచి నాకు పదిహేడు ఇయ్యి” అంది. వాడు ఒక కట్ట ఇచ్చాడు. తర్వాత రెండు పుల్లల వైపు చూసి, “ఏడు లేవు అక్కా, ఇంకో కట్ట ఇప్పాల్నా?” అని అడిగాడు. విప్పి, ఏడు ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టి పదిహేను అన్నాడు. అంతవరకు చాలామంది చేయగలరు. ఆమె మళ్లీ పలక ఇచ్చి అదే లెక్క చేయమంది. వాడు మళ్లీ 25 అనే రాశాడు. పుల్లలతో పదిహేను వచ్చింది కదా అంటే, “అది పుల్లల లెక్క, ఇది పలక లెక్క” అన్నాడట.

పేజీ చివర ఆమె ఒక ప్రశ్న రాసుకుంది: “చేత్తో చేసినప్పుడు అర్థమైంది, రాసేటప్పుడు ఎందుకు రాలేదు?” ప్రాథమిక గణిత బోధనలో ఇది కీలకమైన ప్రశ్న. వస్తువులతో చేసిన పనికీ, స్థానవిలువతో రాసే గుర్తులకూ మధ్య వంతెన దానంతట అది ఏర్పడదు. కట్ట విప్పిన ప్రతిసారీ, ఆ క్షణంలోనే, పలక మీద పదుల స్థానంలోని మూడు రెండుగా మారడం, ఒకట్ల స్థానంలోని రెండు పన్నెండుగా మారడం పిల్లవాడు చూడాలి, చెప్పాలి, రాయాలి. ఇదెలా చేయించాలో నేర్పే శిక్షణ కావాలి. పదో తరగతి గణితం బాగా వచ్చినంత మాత్రాన ఇది రాదు. ఆ పేజీ చదివాక, ఆమె వెళ్లవలసిన దారి ప్రాథమిక విద్యేనన్న విషయంలో నాకు సందేహం మిగల్లేదు. తండ్రికి కూడా ఆ పేజీ చదివి వినిపించాను. చట్టం గురించి నేను చెప్పిన మాటల కంటే అది ఆయన మీద ఎక్కువ ప్రభావం చూపిందని నాకనిపించింది.

ఏయే దారులు చూశాం

డిగ్రీ తర్వాత బీఈడీ చేసే ఐదేళ్ల దారి పై కారణాలతో మొదటే వెనక్కి వెళ్లింది. బీఈడీ కోర్సు ప్రధానంగా సబ్జెక్టు మెథడాలజీల చుట్టూ తిరుగుతుంది. రెండో తరగతి పిల్లవాడు ప, ల, క అని అక్షరాలు విడివిడిగా గుర్తుపట్టి కూడా ‘పలక’ అని కలిపి ఎందుకు చదవలేకపోతున్నాడన్నది దాని ప్రధాన విషయం కాదు, కానవసరమూ లేదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో మొదలుపెట్టిన బీఈఎల్‌ఈడీ గురించి కూడా ఆ కుటుంబానికి వివరంగా చెప్పాను. ఆమె అక్కడికి వెళ్లే అవకాశం తక్కువని తెలిసినా చెప్పడానికి కారణం ఉంది. ప్రాథమిక ఉపాధ్యాయురాలికి పూర్తిస్థాయి నాలుగేళ్ల విశ్వవిద్యాలయ విద్య అవసరమని మన దేశంలో ఆచరణలో చూపిన కోర్సు అది. పిల్లలను పరిశీలించి రాయడం, నాటకం, చేతిపనులు, తనను తాను తెలుసుకునే వర్క్‌షాపులు, చివరి సంవత్సరంలో సుదీర్ఘమైన ఇంటర్న్‌షిప్, వీటితోపాటు ఒక విషయాన్ని లోతుగా చదవడం అందులో ఉన్నాయి. ఏ కోర్సునైనా తూచవలసి వచ్చినప్పుడు నేను దీన్నే కొలతగా పెట్టుకుంటాను. అభ్యర్థి ఆ కోర్సులో చేరకపోయినా, తన కాలేజీలో ఏం దొరుకుతోంది, ఏం దొరకడం లేదు, దొరకనిది బయట ఎలా సంపాదించుకోవాలి అన్నది ఆ పోలికతో తెలుస్తుంది. ఢిల్లీ దూరం, ఖర్చు, భాష కారణంగా ఆ దారిని కుటుంబం వద్దనుకుంది.

డిగ్రీ, బీఈడీ కలిపి ఉండే నాలుగేళ్ల ఐటీఈపీ (ఇంటిగ్రేటెడ్ టీచర్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్) విషయంలో ఎక్కువసేపు చర్చించాం. 2020 జాతీయ విద్యావిధానం 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీయే ఉపాధ్యాయులకు కనీస డిగ్రీ కావాలని చెప్పింది. ఎన్‌సీటీఈ 2021 అక్టోబర్‌లో ఐటీఈపీని నోటిఫై చేసింది. 2023–24లో దేశవ్యాప్తంగా 57 సంస్థల్లో ఇది మొదలైంది. తొలి విడత సంస్థల్లో వరంగల్ ఎన్‌ఐటీ కూడా ఉంది. ప్రవేశం జాతీయ పరీక్ష ఎన్‌సీఈటీ ద్వారా జరుగుతుంది. చాలామంది గమనించని విషయం ఒకటి ఇందులో ఉంది. ఐటీఈపీని ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అనే నాలుగు దశలకు విడివిడిగా రూపొందించారు. కొత్త విధానంలో ఫౌండేషనల్ దశ అంటే మూడేళ్ల పూర్వ ప్రాథమిక విద్యతోపాటు ఒకటి, రెండు తరగతులు, ప్రిపరేటరీ అంటే మూడు నుంచి ఐదు తరగతులు. అందువల్ల “మా కాలేజీలో ఐటీఈపీ ఉంది” అన్న మాట ఒక్కటే సరిపోదు. ఆ సంస్థకు ఏ దశకు అనుమతి ఉందో అడగాలి. సెకండరీ దశ కోర్సులో చేరితే, పేరు కొత్తదైనా, చిన్నపిల్లల దగ్గరికి చేరాలనుకున్న అమ్మాయి మళ్లీ హైస్కూలు దారిలోనే పడుతుంది. ఆ వేసవిలో ఆమె వెళ్లగలిగినంత దూరంలో, ఆమెకు కావలసిన దశలో, ఆ ఖర్చులో ఐటీఈపీ సీటు మాకు కనబడలేదు. కనబడి ఉంటే నా సలహా వేరుగా ఉండేదని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే మరో కుటుంబానికి మరో ఏడాదిలో అదే సరైన దారి కావచ్చు.

ఇక మిగిలింది రాష్ట్ర ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి డీఈఎల్‌ఈడీలో చేరడం.

ఏ కాలేజీ

కోర్సు పేరు తేలాక అసలు పని మొదలవుతుంది. ఒకే సిలబస్, ఒకే పరీక్ష, ఒకే సర్టిఫికెట్ ఉన్న రెండు కాలేజీల నుంచి బయటికి వచ్చే ఇద్దరు టీచర్ల మధ్య ఉండే తేడాను నేను ఏళ్లుగా చూస్తున్నాను. 2014 ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం ఈ కోర్సులో ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలి. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. రెండో సంవత్సరంలో కనీసం 16 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. ఈ నిబంధనలు కాగితం మీద ప్రతి కాలేజీకీ సమానంగానే వర్తిస్తాయి.

జిల్లాలోని ప్రభుత్వ డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) కాలేజీని, ఆమె ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు కాలేజీని తండ్రీకూతుళ్లు వెళ్లి చూసి వచ్చారు. ఏం చూడాలో ముందే చెప్పి పంపాను. భవనం, ఫ్యాన్లు, బస్సు చూడవద్దని కాదు. రెండో సంవత్సరం ఛాత్రోపాధ్యాయులను (శిక్షణలో ఉన్న విద్యార్థులను) ముగ్గురు నలుగురిని విడిగా కలిసి, పోయిన వారం ఏ తరగతికి ఏ పాఠం చెప్పారో, ఆ పాఠం చెప్తుండగా లెక్చరర్ వచ్చి వెనక కూర్చున్నారా, కూర్చుంటే తర్వాత ఏం చెప్పారో అడగమన్నాను. వీలైతే లెసన్ ప్లాన్ రికార్డులు, పిల్లల పరిశీలన రికార్డులు నాలుగైదు తిరగేయమన్నాను. లైబ్రరీలో పిల్లల కథల పుస్తకాలు ఉన్నాయా, వాటిని ఎవరైనా తీసుకెళ్తున్నారా అని చూడమన్నాను.

ప్రైవేటు కాలేజీలో ఆఫీసు మనిషి తండ్రితో, “హాజరు గురించి మీరు ఫికర్ చేయకండి, అదంతా మేం చూసుకుంటం, అమ్మాయి పరీక్షలకు వస్తే చాలు” అన్నాడట. తండ్రి దాన్ని ఒక సౌకర్యంగానే నాకు చెప్పారు. డిగ్రీ కూడా పక్కన చేసుకోవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. కూతురు మాత్రం అక్కడ చూసిన రికార్డుల గురించి చెప్పింది. ఐదు పుస్తకాల్లో ఐదుగురు వేర్వేరు పిల్లల గురించిన పరిశీలనలు ఉన్నాయి. అందరు పిల్లలూ ఒకే వారం జ్వరంతో బడి మానేశారు, అందరూ ఒకే పాట ఇష్టంగా పాడారు, అందరికీ మూడో ఎక్కం దగ్గరే తడబాటు వచ్చింది. ఒకరిది చూసి ఇంకొకరు ఎత్తి రాసిన రికార్డులవి. పిల్లవాడి ముఖం చూడకుండా పిల్లవాడి గురించి రాయడం అలవాటైన మనిషి రేపు తరగతి గదిలోకి టీచర్‌గా అడుగుపెడతారు. నలభై ఏళ్ల ఉద్యోగంలో వందలాది పిల్లలకు జరిగే ఈ నష్టానికి ఎవరూ లెక్క కట్టరు. ఈ విషయంలో నేను ఎంత కఠినంగా మాట్లాడినా తక్కువేనని నా అభిప్రాయం.

డైట్ కాలేజీలో లోపాలు లేకపోలేదు. లెక్చరర్ పోస్టులు కొన్ని ఖాళీగా ఉన్నాయి, డిప్యుటేషన్ మీద వచ్చినవారితో కొన్ని పేపర్లు నడుస్తున్నాయి, హాస్టల్ సౌకర్యం ఆశించినట్టు లేదు. ఇంటర్న్‌షిప్‌కు పంపిన కొన్ని బడుల్లో టీచర్ల కొరత వల్ల ఛాత్రోపాధ్యాయులతోనే తరగతులు నడిపిస్తున్నారని అక్కడి విద్యార్థులు చెప్పారు. నేర్చుకోవడానికి వెళ్లినవారిని ఖాళీ పోస్టులో కూర్చోబెట్టడం శిక్షణ అనిపించుకోదు. అయినా అక్కడ విద్యార్థులు రోజూ వస్తున్నారు. గణితం చెప్పే ఒక లెక్చరర్ ప్రతి పాఠం తర్వాత రికార్డులో ఎర్ర సిరాతో అర పేజీ రాస్తారని, ఆ రాత తనకు చూపించారని ఆమె చెప్పింది. ఒక పాఠం కింద ఆయన రాసినది ఆమెకు అక్షరం తప్పకుండా గుర్తుంది: “నువ్వు 14 ప్రశ్నలు అడిగావు. 12 ప్రశ్నలకు ముందు బెంచీ పిల్లలే జవాబు చెప్పారు. రేపు చివరి వరుస నుంచి మొదలుపెట్టు.” ఆ ఒక్క వ్యాఖ్యతో నా మనసులో కాలేజీ ఎంపిక పూర్తయింది. ఫీజు తక్కువ కావడం కుటుంబానికి మరో ఊరట.

డిప్లొమా దగ్గర ఆగిపోకుండా

తండ్రి అడిగిన రెండో సగానికి జవాబు మిగిలే ఉంది. ఎస్‌జీటీగా చేరినవారు ప్రాథమిక పాఠశాలల్లో హెడ్‌మాస్టర్ కావచ్చు. స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి కావాలంటే సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ ఉండాలి. కాబట్టి డిగ్రీ అవసరమే. వరుస మాత్రం మారుతుంది. ముందు డీఈఎల్‌ఈడీ పూర్తిచేసి, ఆ వెంటనే సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ చేయాలన్నది మేము వేసుకున్న క్రమం. 1982లో ఏర్పడి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇందుకు అనువుగా ఉంది. రెండు కోర్సులూ ఒకేసారి చేయాలన్న తండ్రి ఆలోచనను నేను వద్దన్నాను. హాజరు తప్పనిసరైన వృత్తి కోర్సు పక్కన మరో కోర్సు పెడితే, రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో ప్రశ్న వస్తే సమాధానం చెప్పుకోవలసింది అభ్యర్థే. అంతకుమించి, ఇంటర్న్‌షిప్ సాగే నెలల్లో సాయంత్రాలు రేపటి పాఠం తయారీకే చాలవు.

ఉద్యోగ అవకాశాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం 11,062 పోస్టులతో ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ ప్రకటించింది, అందులో 6,508 ఎస్‌జీటీ పోస్టులు. ఈ సంఖ్య చూసి తండ్రి కళ్లు మెరిశాయి. దానికి ముందు భర్తీ పూర్తయిన నోటిఫికేషన్ 2017 నాటిదని, అందులో 8,792 పోస్టులున్నాయని కూడా వెంటనే చెప్పవలసి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ఒక నోటిఫికేషన్ వచ్చినా దాన్ని రద్దుచేసి, పోస్టులు పెంచి 2024లో కొత్తది ఇచ్చారు. డీఎస్సీ ఏటా వచ్చే పరీక్ష కాదు. కోర్సు అయిపోయిన ఏడాదే ఉద్యోగం వస్తుందన్న లెక్కతో ఏ కుటుంబమూ అప్పు చేయకూడదు. డిగ్రీని ఆ ఎదురుచూపు కాలంలో ఉంచడానికి ఇదే ప్రధాన కారణం. నోటిఫికేషన్ ఆలస్యమైతే ఆ కాలం వృథా కాదు. 2030 నాటికి నాలుగేళ్ల డిగ్రీయే కనీస అర్హత కావాలన్న విధానం నిజంగా అమల్లోకి వస్తే, డిప్లొమా ఒక్కటే చేతిలో ఉన్నవారి కంటే ఆమె పరిస్థితి మెరుగ్గా ఉంటుంది.

టెట్ గురించి ప్రత్యేకంగా చెప్పాను. ఒకటి నుంచి ఐదు తరగతుల టీచర్ల కోసం ఉన్న పేపర్ 1లో శిశువికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోటి 30 చొప్పున 150 మార్కులు. ఒకసారి అర్హత సాధిస్తే అది జీవితాంతం చెల్లుతుంది. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువున్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న తీర్పు ఇచ్చాక, దీన్ని తేలిగ్గా తీసుకునే వీలు ఎవరికీ లేదు.

చేరిన తర్వాత

2024లో డీసెట్ రాసి, ఆమె ప్రభుత్వ డైట్ కాలేజీలో తెలుగు మీడియం సీటు సంపాదించింది. మొదటి ఏడాదిలో ఆమెను కష్టపెట్టింది సిద్ధాంతాలు చదవడం. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే, వైగాట్‌స్కీ పేర్లను పరీక్ష కోసం బట్టీ పట్టే పద్ధతి తరగతిలో ఉంది. నేను ఆమెకు ఇచ్చిన సలహా ఒక్కటే, ప్రతి సిద్ధాంతం పక్కన తాను చూసిన ఒక పిల్లవాడిని రాసుకోవాలి. 32లోంచి 17 తీసివేసిన ఆ బాబు ఆమె నోట్సులో చాలా పేజీల్లో ఉన్నాడు. బయట నుంచి నేను అందించగలిగింది పిల్లల సాహిత్యం, ప్రారంభ పఠనం మీద కొన్ని పుస్తకాలు మాత్రమే. ఆ రెండు అంశాలకూ ఆమె కోర్సులో దొరికిన సమయం తక్కువ.

రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఆమెకు తండా పిల్లలు ఎక్కువగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాల దొరికింది. ఒకటో తరగతిలో సగానికి పైగా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. మొదటి వారం ఆమె రాసిన రికార్డులో పిల్లలు “మాట్లాడరు, బిడియం ఎక్కువ” అని ఉంది. రెండో వారానికి ఆ వాక్యాన్ని కొట్టేసి, బడి బయట వేపచెట్టు కింద అదే పిల్లలు ఆగకుండా మాట్లాడుకుంటున్నారనీ, బిడియం అనుకున్నది తెలుగు రాకపోవడమనీ రాసింది. మూడో తరగతి చదివే ఒక అక్కను ఒకటో తరగతిలో తన పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మ చూపించి, పిల్లలు లంబాడీలో చెప్పిన మాటను, దాని తెలుగు మాటను బోర్డు మీద పక్కపక్కన రాయడం మొదలుపెట్టింది. పర్యవేక్షణకు వచ్చిన లెక్చరర్ ఈ పద్ధతిని మెచ్చుకుంటూనే, ఆ మూడో తరగతి అమ్మాయి తన పాఠాలు పోగొట్టుకుంటోందని ఎత్తిచూపారు. ఇప్పుడు ఆ పని కోసం రోజూ భోజన విరామానికి ముందు కొద్దిసేపు మాత్రమే ఆ పాపను పిలుస్తోంది, మిగిలిన మాటలను తల్లుల దగ్గర అడిగి రాసుకుంటోంది.

ఈ అనుభవం ఆమె డిగ్రీ ఆలోచనను కూడా మార్చింది. బైపీసీ చదివింది కాబట్టి సైన్స్ వైపు వెళ్లాలని మొదట అనుకున్నాం. ప్రయోగశాల అవసరమైన సబ్జెక్టులను దూరవిద్యలో చదవడం కష్టమన్న సంగతి అలా ఉండగా, పిల్లల ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య తాను చేస్తున్న పనికి భాషాశాస్త్రపు పునాది కావాలని ఆమెకే అనిపించింది. తెలుగును ఒక ప్రధాన సబ్జెక్టుగా తీసుకుని బీఏ చేస్తానని, తర్వాత బీఈడీ చేయగలిగితే తెలుగు స్కూల్ అసిస్టెంట్ అర్హత కూడా వస్తుందని తండ్రికి తానే వివరించింది. టెట్ పేపర్ 1కు చదువుతోంది. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక డిగ్రీ దరఖాస్తు వేయాలి. ఆమె చెల్లెలు ఇంటర్ పూర్తిచేసే సరికి దగ్గరలో ప్రిపరేటరీ దశ ఐటీఈపీ సీట్లు వస్తాయా అని తండ్రి ఇటీవల ఫోన్ చేసి అడిగారు. అనుమతులున్న సంస్థల జాబితాలో దశ పేరుతో సహా చూసి, ఏటా కొత్తగా సరిచూసుకోవాలని ఆయనకు చెప్పాను.